ఎన్ని అని అడగకూడని మంద

ఆత్మకూరులో పిల్లలకు ఫ్రెంచి చెబుతానంటే మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. కలిగిరిలో ఉండే మా చిన్నాన్న అయితే, నేర్చుకుని బస్టాండులో ఎవరితో మాట్లాడతారమ్మా అని పెళ్లి పందిట్లో నలుగురి ముందే అడిగాడు. ఆయన తప్పేం లేదు. మొదట్లో నాకే ఆ ఉద్యోగం మీద నమ్మకం లేదు. పాండిచ్చేరిలో పిన్ని వాళ్లింట్లో ఉండి డిగ్రీ చదివినప్పుడు అంటుకున్న భాష అది. పెళ్లయి ఆత్మకూరు వచ్చాక పోపు డబ్బాలకు తప్ప ఎవరికి వినిపించాలని వదిలేశాను. ఇంతలో ఊళ్లో ఒక ప్రైవేటు బడి యజమాని, ఎదురు బడివాళ్లు అబాకస్ పెట్టారన్న ఉక్రోషంతో, ఫ్రెంచి కూడా నేర్పుతామని ఫ్లెక్సీ వేయించేశాడు. ఫ్లెక్సీ కట్టిన తర్వాత టీచరు కోసం వెతికాడు. జలదంకి దాకా గాలించినా నేను తప్ప ఎవరూ దొరకలేదట.

ఆరో తరగతి పిల్లలు. రెండు సెక్షన్ల నుంచి పేర్లిచ్చినవాళ్లు రోజుకో పీరియడ్ నా గదికి వచ్చేవాళ్లు. పుస్తకంలో మొదటి పాఠం నా పేరు ఫలానా, రెండో పాఠం మా నాన్న ఫలానా. నేను వాటిని పక్కన పెట్టి ప్రశ్నలతో మొదలుపెట్టాను. అడగడం వచ్చిన బిడ్డ ఎక్కడున్నా బతుకుతుందని నా నమ్మకం. చిన్నప్పుడు మా ఇంట్లో నేను ఏదడిగినా నీకెందుకు అన్నదొక్కటే జవాబు, ఆ కసి కూడా కొంత ఉంది.

బోర్డు మీద ఏడు మాటలు రాశాను. కి అంటే ఎవరు. క అంటే ఏమిటి. ఊ అంటే ఎక్కడ. కాఁ అంటే ఎప్పుడు. కొమాఁ అంటే ఎలా. పుర్‌క్వా అంటే ఎందుకు. కొంబియాఁ అంటే ఎన్ని, ఎంత. చివర్లో ముక్కుతో పలికే ఆ శబ్దం నాకు పాండిచ్చేరిలో మూడు నెలలకు గానీ పట్టుబడలేదు. వీళ్లకు ఒక్క పీరియడ్ చాలింది. ఎట్లా వచ్చిందిరా అంటే, అనంతసాగరం నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒకడు, పొద్దున పాలు పిండే ముందు మా బర్రె ఇట్టనే అంటాది మేడం అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఏ దేశపు జనమో తమలో తాము అడుక్కునే మాట, సున్నం రాలే ఆ గదిలో, నూనె రాసి దువ్విన తలల మధ్య నుంచి, వాళ్ల సొంత మాటలా వినిపించింది. నేర్పింది నేనే అయినా నాకది నమ్మబుద్ధి కాలేదు.

అయితే మాట నాలుక మీదికి వచ్చినంత తేలికగా ప్రశ్న రాదని రెండో వారంలోనే తెలిసింది. ఊ నేర్పడానికి ఒక ఆట పెట్టాను. ఒకరు సంచి భుజాన వేసుకుని గది బయటికి నడవాలి, ఇంకొకరు వెనక నుంచి, ఊ వా త్యు, ఎక్కడికి పోతున్నావు అని అడగాలి. మొదటివాడు లేచి గడప దాకా పోయాడు. వెనక నుంచి ప్రశ్న పడింది. వాడు గిర్రున వెనక్కి వచ్చి, బెంచీ మీద కూర్చుని, సీసా మూత తీసి రెండు గుక్కల నీళ్లు తాగి, మళ్లీ లేచి బయలుదేరాడు. రెండోవాడూ అంతే. మూడో పిల్లా అంతే. నాకు మండింది. ఏం వేషాలు ఇవి అని గద్దించాను. ఆ పిల్ల భయపడుతూనే, బయలుదేరేటప్పుడు వెనక నుంచి ఎక్కడికి అని అడిగితే కూర్చుని నీళ్లు తాగే కదా పోవాలి మేడం అంది. మా అమ్మ కూడా అంతే చేస్తుంది. ఎవరైనా చెప్పులు వేసుకుంటుంటే ఎక్కడికి అని అడగదు, దూరమా అని అడుగుతుంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి, పుస్తకం చేతికి రాగానే నేను మరిచిపోయాను. ఆ రోజే ఆట మార్చి, పోయేవాళ్లను కాకుండా వచ్చేవాళ్లను ఎక్కడి నుంచి అని అడిగించాను. అప్పుడు ఎవరికీ నీళ్లు అవసరం కాలేదు.

బుద్ధి రావడానికి ఆ ఒక్కటీ చాలాలి. నాకు రాలేదు.

ఆ క్లాసులో ఒక పిల్ల ఉండేది. ఉదయగిరి అవతల పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంటి బిడ్డ. తల్లి లేదు, తండ్రీ అవ్వా మందతో తిరుగుతుంటారు. ఆత్మకూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. రెండో వరసలో కిటికీ పక్కన కూర్చునేది. మిగతావాళ్లు నేనిచ్చిన ప్రశ్నలు అడిగేవాళ్లు, ఈమె తనకు కావలసినవి అడిగేది. పుర్‌క్వా నేర్పిన రోజు అందరూ ఆకాశం నీలంగా ఎందుకు, వాన ఎందుకు అంటుంటే, ఈ పిల్ల లేచి, పుర్‌క్వా మేడం, మీకు నవ్వొచ్చినప్పుడు ఎడమ కన్ను ఒకటే చిన్నదైతాది అని అడిగింది. ఇన్నేళ్లుగా అద్దంలో చూసుకుంటున్నా నాకా సంగతి తెలియదు. ఇంటికి పోయి చూసుకున్నాను. నిజంగానే ఎడమ కన్ను ఒకటే చిన్నదవుతుంది. ఆ పిల్లంటే నాకు ఎంత ముచ్చటో అంత జంకు కూడా ఉండేది.

కొంబియాఁ పాఠం దసరా సెలవులు అయిపోయిన వారం, ఒక సోమవారం. ఇంట్లో అక్కచెల్లెళ్లు ఎందరు, సంచిలో పెన్నులు ఎన్ని, కొట్టంలో బర్రెలు ఎన్ని అని వరసగా అడుగుతూ వచ్చాను. ఈ పిల్ల దగ్గరికి వచ్చేసరికి, తన సంగతే అడిగితే సంబరపడుతుందనుకున్నాను. ముందు రాత్రి నిఘంటువులో గొర్రెకు మాట కూడా వెతికి పెట్టుకున్నాను. కొంబియాఁ ద్ ముతోఁ, మీకు గొర్రెలు ఎన్ని అన్నాను. ఆ పిల్ల లేచి నిలబడి తల దించుకుంది.

ఉండాయి మేడం అంది. ఉంటే ఎన్ని అన్నాను. చానా ఉండాయి అంది. ఫ్రెంచిలో రాకపోతే తెలుగులో చెప్పు, నేను మార్చి చెబుతాను అన్నాను. నాలుగు ఉండాయిలే మేడం అని గొణిగింది. నాలుగు గొర్రెలతో ఎవరైనా మంద కట్టుకుని తిరుగుతారా? వెనక బెంచీలో ఒకరు కిసుక్కుమన్నారు. అప్పటికి మూడుసార్లు అడిగి ఉన్నాను, నా మొండితనం నాకు తలకెక్కింది.

"నీ గొర్రెలెన్నో నీకే తెలియకపోతే, ఇంక నీకూ గొర్రెకూ తేడా ఏముంది?" అన్నాను.

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల ఏడవలేదు. కూర్చుని, పుస్తకం మూసి, గంట కొట్టేదాకా మూసిన పుస్తకం మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా నాయన నన్ను చూసే అనేవాడు. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రాలేదు.

నేను గమనించింది శుక్రవారం నాడు. శనివారం బడి వదిలాక మేనత్త ఇంటికి వెళ్లాను. ఆమె మెషిను మీద జాకెట్టు కుడుతూ, కూర్చోమని పీట జరిపింది గానీ కుట్టడం ఆపలేదు. పిల్ల మంగళవారం పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కి నాయన దగ్గరికి వెళ్లిపోయిందని చెప్పింది. గొర్రెల లెక్క అడగకూడదు మేడం, అడిగినా ఇంటివాళ్లు చెప్పకూడదు, చెబితే మందకు కీడు అని నాకు చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. తెలియనివాళ్లు అడిగితే నాలుగు ఉన్నాయిలే అనడం వాళ్ల మర్యాదట. అంటే ఆ పిల్ల నాకు మర్యాదగానే జవాబు చెప్పింది.

నాకు మా కల్లం గుర్తుకొచ్చి ముఖం మాడిపోయింది. మాది వ్యవసాయం ఇల్లు. వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మా తాత ఏనాడూ ఒకటి అనలేదు. లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు అని సాగేది కొలత. ఒకటి అన్న పాపానికి నా చెవి మెలిపెట్టాడు కూడా. ఎన్ని అన్న ప్రశ్నకు మా ఇంట్లోనూ కాపలా ఉంది, నేనే దాన్ని పరాయివాళ్ల మూఢనమ్మకంలా చూశాను.

మెషిను ఆపి మేనత్త అసలు సంగతి చెప్పింది. "మా యమ్మ ఒకటే మాట అనింది మేడం. ఇంక ఇస్కూలు చాలు, బిడ్డ గొర్రెల కాడే ఉంటాదని. మా యమ్మ అంటే అంతే."

ఏడో తరగతికి కూడా రాకుండా ఒక బిడ్డ చదువు నా నోటి దూలకు ఆగిపోబోతోంది. అడగడం వచ్చిన బిడ్డ ఎక్కడైనా బతుకుతుందని గొప్పలు పోయిన నేను, ఆ క్లాసులో అడగడం నిజంగా వచ్చిన ఒక్క బిడ్డనూ తరిమేశాను. మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం బస్సుకు ఉదయగిరి వెళ్లాను. మేనత్త చేసిన ఫోనుకు పిల్ల తండ్రి బస్టాండుకు బండి తెచ్చాడు. మనిషి నెమ్మది. దారి పొడుగునా ఒక్క మాట నిష్ఠూరం ఆడలేదు, దాంతో నాకు ఇంకా కష్టంగా ఉండింది.

కొండకు ఈ పక్క, కోసేసిన సజ్జ చేలో మంద పెట్టారు. గొర్రెలు రాత్రి పడుకుంటే చేనుకు ఎరువు, అందుకని రైతులే పిలిచి పెట్టించుకుంటారు. చుట్టూ నీలం వల కట్టి ఒక పక్క మనిషి పట్టేంత సందు వదిలారు. ఆ సందు దగ్గర రాయి మీద అవ్వ కూర్చుని ఉంది. పక్కన యూరియా సంచి పరిచి నన్ను కూర్చోమంది. పిల్ల నన్ను చూసి, సందుకు అవతలి పక్కకు పోయి నిలబడింది.

తప్పు నాదే అవ్వా, తెలియక ఆ మాటన్నాను అన్నాను.

అవ్వ నా వైపు తిరిగింది.

"గొర్రె అన్నావని మాకు కోపం లేదు టీచరమ్మా. గొర్రె అంటే మాకు తిట్టెట్టయితాది? మా గొర్రెలు మాకు తెలీవన్నావు చూడు, అదీ తిట్టు."

అప్పటికి కొండ నీడ చేలోకి దిగింది, మంద వల ముఖం పట్టింది. నన్ను దింపి మందకు ఎదురెళ్లిన తండ్రి వెనక నుంచి తోలుతున్నాడు. అన్నీ జొడిపి గొర్రెలే, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి చుట్టూ నల్లటి మచ్చలు. నా కంటికి ఒకే గొర్రె మళ్లీ మళ్లీ వస్తున్నట్టుగా ఉంది. సందులో నుంచి రెండేసి, మూడేసి లోపలికి దూరుతున్నాయి. అవ్వ వాటి వంక చూడనైనా చూడటం లేదు. నాతో మాట్లాడుతోంది. మా ఊరేది, మా నాయన ఎవరు, ఆ పక్క ఈ ఏడు కందులు ఎట్లా ఉన్నాయి అని అడుగుతోంది. ఒక చెయ్యి మాత్రం సందులోకి చాపి ఉంచింది, పోయే వీపులు ఆ చేతికి తగులుతూ పోతున్నాయి. అవతల పక్క పిల్ల నోరు మెదపకుండా నిలబడింది. వేళ్లు ముడవలేదు, పెదాలు కదపలేదు. వాళ్లిద్దరూ లెక్కపెట్టడం లేదని నాకు ఖాయంగా తెలుసు.

చివరి గొర్రె లోపలికి పోయింది. పిల్ల సందు దగ్గరికి వచ్చి అవ్వ చెవి దగ్గర వంగింది.

"అవ్వా, చెంపమచ్చది రాలా."

"అవు. దాని బదులు ఎవురిదో ఒకటి దూరుండాది, చెయ్యికి కొత్తగా తగిలింది. చూడుపో" అంది అవ్వ.

పిల్ల వల లోపలికి దిగింది. చీకటి పడకపోయినా లోపల ఒకటే తెల్లటి కలబోత. నేను లేచి నిలబడి చూశాను. ఆ పిల్ల అటూ ఇటూ వెతకలేదు. వీధిలో తెలిసినవాళ్లను పక్కకు జరగమన్నట్టు గొర్రెలను చేత్తో తప్పిస్తూ తిన్నగా పోయి, ఒకదాని వెనక కాలు దొరకబుచ్చుకుని బయటికి లాక్కొచ్చింది. అదీ జొడిపే. అదే తెలుపు, అవే మచ్చలు. దీన్ని ఏ గుర్తుతో పట్టావని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

తండ్రి ఫోను తీసి ఎవరికో చేశాడు. మధ్యాహ్నం చెక్‌డ్యాం దగ్గర నీళ్లకు దిగినప్పుడు ఇంకొక మంద ఎదురైందట. అవతలి మనిషి, మావన్నీ వచ్చేసినాయే అన్నట్టు ఫోనులో నాక్కూడా వినిపించింది. ఇంకోసారి చూసుకోమని ఇతను అన్నాడు. కొంతసేపటికి అతనే తిరిగి చేశాడు. చెంపమచ్చది అక్కడుంది. అతనిది ఇక్కడుంది.

నేను మళ్లీ సంచి మీద కూలబడ్డాను. దేవుడి గుళ్లో కూడా నాకు అంత భయభక్తులు కలగలేదేమో. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. ఆ సందు దగ్గర నాలాంటిది నిలబడి లెక్కపెట్టి ఉంటే అంకె అణా పైసలతో సరిపోయేది. సరిపోయింది కదా అని వల మూసేసి ఉండేదాన్ని. ఆ ముసలమ్మ చేతికీ ఆ పసిదాని కంటికీ అంకెతో పనే లేదు. ప్రతి ఒక్కటీ వాళ్లకు విడివిడిగా తెలుసు. నిఘంటువు చూసి తెచ్చిన నా ప్రశ్న ఆ చేలో ఎంత పేదగా కనిపించిందో చెప్పలేను.

అవ్వ నా ముఖంలోకి చూస్తూ అడిగింది. కోపంగా కాదు, కందుల సంగతి అడిగినట్టే అడిగింది.

"మా బిడ్డ రాలేదని నీకెప్పుడు తెలిసింది టీచరమ్మా?"

దాటేయవచ్చు. బడి పనులు, రెండు సెక్షన్లు, ఏవో చెప్పవచ్చు. ఆ చేతిని చూశాక అబద్ధం నోటికి రాలేదు. నాలుగో రోజు తెలిసింది అవ్వా అన్నాను. ఎందుకంత ఆలస్యమైందో కూడా చెప్పాను. పేర్లు పిలిచే పట్టీ సెక్షన్ టీచర్ల దగ్గర ఉంటుంది. నేను పీరియడ్ మొదట్లో తలలు లెక్కపెట్టి ఆఫీసుకు చీటీ పంపిస్తాను. నా క్లాసుకు ముప్పై నలుగురు. మీ బిడ్డ మానేసిన మంగళవారమే కావలి నుంచి ఒక కొత్త పిల్లవాడు చేరాడు. మంగళవారం ముప్పై నలుగురే ఉన్నారు. బుధవారం, గురువారం కూడా అంతే. శుక్రవారం పాఠం మధ్యలో ఎవరూ అడ్డు ప్రశ్న వేయకపోయేసరికి తలెత్తి చూశాను, అప్పుడు తెలిసింది.

చెప్పడం అయ్యాక నాకు ఏడుపు ఆగలేదు. పరాయి చేలో, పరాయివాళ్ల ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సిగ్గనిపించలేదు.

అవ్వ ఓదార్చలేదు. "లెక్క సరిపోయింది, కుదురుగా ఉన్నావు" అని మాత్రం అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే.

పిల్ల అప్పటిదాకా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. పరాయి గొర్రెను గూటానికి కట్టి వచ్చి, సందు మూయడానికి వల ముడి వేస్తోంది. ఇటు తిరక్కుండానే అడిగింది.

"ఆ కొత్తోడు యాడ కూచుంటా ఉండాడు మేడం?"

చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది. కిటికీ పక్కన, రెండో వరసలో, నీ చోట్లోనే అని చెప్పాను.

ఆ పిల్ల ముడి బిగించింది. లేచి నిలబడి గౌనుకు అంటిన దుమ్ము దులుపుకుంది. ఆ సాయంత్రం మొదటిసారి నా ముఖంలోకి తిన్నగా చూసింది.

"ఐతే రేపొచ్చి జరగమంటా" అంది.

అవ్వ మనవరాలిని చూసింది, నన్ను చూసింది. కర్ర ఊతంతో లేచి, ఇంకా ఏందిరా నిలబడి చూస్తా ఉండావు, పొద్దుపోతే ఆత్మకూరు బస్సు దొరకదు, ఇద్దర్నీ బండెక్కించు అని కొడుకును కేకేసింది.